ఎదుటి పక్షమువారు పిలిచినప్పుడు

చదువవలసిన భాగములు: న్యాయాధిపతులు 17, 18 అధ్యాయములు, 2 సమూయేలు 15:19–22



ఈ నెల పాఠమునకు దూరదేశపు సంగతి యొకటి తీసికొనుచున్నాము. అది అమెరికాలో కళాశాలల మధ్య జరుగు ఫుట్‌బాల్ ఆటను గూర్చినది. మన పల్లెలలో బాలురు కాలితో తన్ను బంతియాట కాదు అది. కోడిగ్రుడ్డువలె కోలగానున్న బంతిని చేతపట్టుకొని పరుగెత్తుదురు. ప్రక్కకు పదునొకండుగురు చొప్పున నిలిచి ఒకరినొకరు పడద్రోయుదురు. ఆట జరుగు శనివారమున కొన్ని పట్టణములలో ఊరంతయు మైదానమునందే యుండును.

ఆట నేర్పు పెద్దను కోచ్ అందురు. ఆయన జీతము పుచ్చుకొని పని చేయువాడే. అయినను ఆయన పని మైదానముతో తీరదు. ఆయన యౌవనుల ఇండ్లకు వెళ్లి, తల్లిదండ్రుల యెదుట కూర్చుండి, మీ కుమారుని మాకప్పగించుడి, మేము చూచుకొందుము అని చెప్పి వారిని తోడుకొని వచ్చును. కాబట్టి పోటీ కళాశాలవారు ఆయనను పిలిచినప్పుడు ఊరంతయు అడుగు ప్రశ్న ఒక్కటే: ఈయన పోవునా, నిలుచునా?

టామ్ ఆస్‌బర్న్ అను క్రైస్తవ విశ్వాసి 1973లో నెబ్రాస్కా విశ్వవిద్యాలయపు జట్టుకు ప్రధాన కోచ్ ఆయెను. ఆయనకు ముందున్న బాబ్ డెవానీ 1970లోను 1971లోను దేశములోకెల్ల ప్రథమ స్థానము సంపాదించియుండెను. అట్టివాని తరువాత వచ్చినవానికి నెమ్మది యెక్కడిది? ఒక్లహోమా జట్టు చేతిలో ఆస్‌బర్న్ జట్టు 1973 మొదలుకొని 1977 వరకు ప్రతి యేడు ఓడిపోయెను. జనులు సణిగిరి. 1978 నవంబరులో 17–14 లెక్కతో తుదకు గెలిచిరి గాని, మరుసటి వారమే మిస్సోరీ జట్టు చేతిలో ఓడిపోయిరి.

ఆ దినములలోనే కొలరాడో విశ్వవిద్యాలయమువారు ఆయనను అడిగిరి. కొలరాడో, నెబ్రాస్కా అప్పుడు ఒకే కూటమిలో నుండెను. ఆ కాలమున ఏటేట ఒకదానితో నొకటి తలపడుచుండెను. ఆస్‌బర్న్ ఆ మాటను వెంటనే త్రోసివేయలేదు. బౌల్డరు పట్టణమునకు వెళ్లి చూచి వచ్చెను. ఇది దాచవలసిన సంగతి యని మేము తలంచము. పిలుపు వచ్చినప్పుడు మనస్సు ఊగుట పాపము కాదు. ఆయన అక్కడికి పోయినయెడల, తానే ఇండ్లకు వెళ్లి తెచ్చిన యౌవనులను ఓడించుటకు మరుసటి సంవత్సరమే వారి కెదురుగా నిలువవలసి యుండెను. ఆయన పోలేదు. తన సణుగు జనముతోనే యుండెను.

ఇప్పుడు మన పాఠమునకు రండి. బేత్లెహేమునుండి బయలుదేరిన యౌవనుడైన లేవీయుడొకడు ఎఫ్రాయిము మన్యములో మీకా ఇంటికి వచ్చెను. మీకా అతనికి ఏటికి పది వెండి రూకలును, బట్టలును, భోజనమును ఇచ్చెదనని ఒప్పుకొనెను. అతడు మీకాకు కుమారునివంటి వాడాయెనని వ్రాయబడియున్నది. తరువాత దానీయులు ఆరువందలమంది ఆయుధములతో వచ్చి అతనిని అడిగిన ప్రశ్నను గమనించుడి: ఒక్క ఇంటికి యాజకుడవై యుండుట మేలా, ఒక గోత్రమునకు యాజకుడవగుట మేలా? నేటి ఉద్యోగపు పిలుపులన్నియు ఈ ప్రశ్న కడుపునుండి పుట్టినవే. జీతమును గూర్చి వారు ఒక్క మాటయైనను ఎత్తలేదు. స్థానము పెద్దదనిరి, అంతే. అతని హృదయము సంతోషించెను. మీకా ఇంటి విగ్రహములను తానే చేతబట్టుకొని పోయెను.

లేవీయునిలో తప్పు ఎక్కడనున్నది? వెళ్లుటలోనే యున్నదని మేము చెప్పము. అబ్రాహాము తన వారిని విడిచి వెళ్లెను. పౌలు ఎఫెసువారిని విడిచెను, అయితే పెద్దలను పిలిపించి, తాను చేసిన పని వారి యెదుట లెక్కయొప్పచెప్పి, మోకాళ్లూని ప్రార్థించి, వారు మెడమీద పడి యేడ్చుచుండగా వెళ్లెను (అపొ. కార్యములు 20). లేవీయుడు మీకాతో ఒక్క మాటయైనను చెప్పలేదు. అతని కన్నము పెట్టినవాడు వెనుక పరుగెత్తి కేకలు వేయుచుండగా, అతడు జనుల నడుమ దాగి నడిచెను.

ఇచ్చట తొందరపాటు తీర్పొకటి మనలను పట్టుకొనవచ్చును. కొలరాడోవారు తరువాత చక్ ఫెయిర్‌బ్యాంక్స్‌ను పిలిచిరి. ఆయన పూర్వము ఒక్లహోమా కోచ్. అప్పుడు న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ అను వృత్తి జట్టు యొద్ద ఒడంబడికలో నుండెను. ఒడంబడిక తీరకయే ఆయన ఒప్పుకొనెను. వ్యాజ్యము న్యాయస్థానమెక్కెను; 1979లో కొలరాడో అభిమానులు సొమ్ము చెల్లించి ఆయనను విడిపించుకొనిరి. మూడేండ్లలో ఏడు ఆటలు గెలిచి ఇరువదియారు ఓడిరి. ఇది దేవుని శిక్ష యని ప్రసంగించుట సులభము. అయితే నిక్ సేబన్ సంగతి యేమి? ఆయన 2004 వరకు లూయిజియానా రాష్ట్ర విశ్వవిద్యాలయపు కోచ్. 2006 డిసెంబరులో, మయామి వృత్తి జట్టులో నుండగా, తాను అలబామా కోచ్ కానని అందరి యెదుట చెప్పెను. 2007 జనవరిలో అలబామాకే వెళ్లెను. తన పూర్వపు జట్టుకు ఎదురుగా ఏటేట నిలిచి, 2009 మొదలు 2020 వరకు ఆరు జాతీయ విజయములు పొందెను. అవును అంటే అవును, కాదు అంటే కాదు అని మన ప్రభువు నేర్పిన కొలత (మత్తయి 5:37) గెలుపు లెక్కలతో మారునది కాదు. ఓడినవానిని శపింపబడినవాడనియు, గెలిచినవానిని ఆశీర్వదింపబడినవాడనియు మనము వ్రాసికొన్నయెడల 73వ కీర్తనను మన బైబిలునుండి చింపివేయవలసినదే.

మీకాను గూర్చియు ఒక మాట చెప్పవలెను. లేవీయుడు ఇంట నున్నాడు గనుక యెహోవా నాకు మేలు చేయునని అతడనుకొనెను (17:13). యాజకుని తన కొరకు అద్దెకు తెచ్చుకొనిన వస్తువుగా చూచెను. మన సంఘములలో బోధకుడు పెద్ద ఊరి సంఘమునకు పోయినప్పుడు, కూలివాడు పారిపోయెనని యోహాను 10వ అధ్యాయము తెరచి చూపుదుము. ఆయనకు ఇయ్యవలసినది ఎన్ని నెలలు నిలిపితిమి? ఆయన పిల్లల చదువును గూర్చి పెద్దల కూడికలో ఎన్నడైన మాటలాడితిమా? నెబ్రాస్కా జనులు ఒక యాటకొరకు సణిగిరి. మనమైతే పాట సాగలేదనియు, ప్రసంగము దీర్ఘమాయెననియు సణుగుదుము. పోవువాని తప్పు పోవువానిదే గాని, అతనిని త్రోసినవారి పేరులు గ్రంథములో లేవని తలంపవద్దు.

దావీదు యెరూషలేము విడిచి పారిపోవునప్పుడు గాతువాడైన ఇత్తయి వెంట వచ్చెను. అతడు పరదేశి, నిన్ననే వచ్చినవాడు. అతనికి మళ్లిపొమ్మని సెలవిచ్చినది దావీదే. అబ్షాలోము పక్షము అప్పుడు బలమైనది, అహీతోపెలువంటి జ్ఞానియే అటు పోయెను. ఇత్తయి చావైనను బ్రదుకైనను రాజుతోనే యని నిలిచి, తన పిల్లలతో సహా వాగు దాటెను. దావీదు తరువాత తన సైన్యములో మూడవ భాగమును అతని చేతికిచ్చెను (18:2).

ఆస్‌బర్న్ నెబ్రాస్కాలో 1997 వరకు నుండెను. మొదటి జాతీయ విజయము 1994లో వచ్చెను; కొలరాడోకు పోననిన తరువాత పదియారేండ్లకు. ఆ లేవీయుని పేరైతే రెండు అధ్యాయముల కథలో ఎక్కడను కనబడదు. దానీయులు తమ విగ్రహమును నిలిపిన చోట మాత్రమే, గెర్షోము కుమారుడైన యోనాతాను అని వ్రాయబడియున్నది (18:30).