ఎక్కిన గేర్లోనే దిగాలి

‘రేపు అరకు పోదామా?’ అనే ప్రశ్న రాత్రి పదకొండు దాటాకే పుడుతుంది. వాట్సాప్ గ్రూపులో అయిదు బొటనవేళ్లు లేస్తాయి. పొద్దున్న ఆరింటికి పెందుర్తిలో అనుకుంటారు, ఏడున్నరకు ముగ్గురు తేలతారు. ఒకడి బండి రిజర్వులో ఉంటుంది. ఇంకొకడు హెల్మెట్‌ను మోచేతికి తగిలించుకుని వస్తాడు. ప్లానేంట్రా అంటే ‘పదకొండుకల్లా అరకులో ఉంటాం’ అంటారు. దిగడం గురించి ఒక్కడూ మాట్లాడడు.

నేనూ అలా వెళ్లినవాణ్నే. ఎక్కేటప్పుడు ఏమీ కాలేదు. సాయంత్రం దిగేటప్పుడు, వాలే కదా, పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్ చేశాను. అనంతగిరి దాటిన కాసేపటికి కాలికింద వెనక బ్రేకు మెత్తబడింది. తొక్కేకొద్దీ పెడల్ కిందికి పోతోంది, బండి మాత్రం ఆగట్లేదు. ముందు బ్రేకును బతిమాలుకుని, ఎడమ పక్క మట్టిలోకి లాగి ఆపేసరికి వెనక చక్రం దగ్గర కాలిన వాసన. వెనకే వచ్చిన లారీ డ్రైవరు తల బయటపెట్టి, ‘ఏటి బాబూ, న్యూట్రల్లో దించేస్తన్నావా? ఎక్కిన గేర్లోనే దిగాల’ అనేసి, జవాబు వినకుండానే వెళ్లిపోయాడు.

లెక్క చాలా తేలిక. డ్రమ్ము వేడెక్కితే వ్యాకోచించి బ్రేకు షూ నుంచి దూరం జరుగుతుంది, షూ లైనింగు పట్టు కోల్పోతుంది. అదే రెండో గేర్లో ఉంచి యాక్సిలరేటర్ వదిలేస్తే ఇంజినే బండిని వెనక్కి పట్టి ఉంచుతుంది. బ్రేకు అవసరానికి మిగులుతుంది. క్లచ్ నొక్కిపట్టుకుని దిగినా న్యూట్రల్లో దిగినట్టే. ఒకవేళ బ్రేకు వేడెక్కిందా, పక్కకి తీసి చల్లారనివ్వండి. నీళ్లు మాత్రం పోయకండి.

ఆ రోజు నా తప్పు బ్రేకులో లేదు. వాలు చూశాక ఎలా దిగాలో ఆలోచించడం మొదలుపెట్టాను, అదే తప్పు. గంటకు 40 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 11 మీటర్లు. మలుపులో ‘ఏం చేద్దాం’ అనుకునేలోపే రెండు బస్సుల పొడవు రోడ్డు అయిపోతుంది. అందుకే కొండ మీద తీసుకోవాల్సిన నిర్ణయాలు కొన్ని ఇంట్లోనే, బుర్ర చల్లగా ఉన్నప్పుడే తీసేసుకోవాలి.

మొదటిది, వెనక్కి తిరిగే టైము. విశాఖ నుంచి అరకు సుమారు 115 కిలోమీటర్లు. శృంగవరపుకోట (ఎస్.కోట) దాకా పెద్దగా ఇబ్బంది లేదు, బొడ్డవర దాటాక కొండ మొదలవుతుంది. డిసెంబరులో ఇక్కడ సూర్యుడు అయిదున్నరకు అటూ ఇటూగా దిగిపోతాడు. లోయల్లో చీకటి ఇంకా ముందే పడుతుంది. కాబట్టి ‘మూడింటికి ఎక్కడుంటే అక్కణ్నుంచి వెనక్కి’ అని ముందే అనుకోండి. అక్కడికెళ్లాక ‘ఇంకొక్క ఫొటో’ అనేవాడు ఒకడుంటాడు. వాడితో అప్పుడు వాదించలేరు.

రెండోది గుంపు. ఘాట్‌లో అసలు ప్రమాదం లోయ కాదు, ముందు వెళ్తున్న స్నేహితుడి టెయిల్ లైటు. వాడిని అందుకోవాలని మనకు చేతకాని వేగంతో మలుపులోకి దూరతాం. దీనికి విరుగుడు, ఆగే చోట్లు ముందే చెప్పుకోవడం: ఎస్.కోటలో పెట్రోలు, డముకు దగ్గర ఒకసారి, అనంతగిరిలో టీ, గాలికొండ వ్యూపాయింట్. మధ్యలో ఎవడి వేగం వాడిది, ఎవడూ ఎవడి కోసం మలుపులో ఆగడు. కొత్తవాణ్ని చివర వదిలేయకండి, ముందు బండి వెనకే ఉంచండి. ఆ ముందువాడు తన వేగాన్ని అద్దంలో చూసి నిర్ణయించుకోవాలి. ‘నేను నెమ్మదిగానే వస్తాన్రా’ అని బయల్దేరకముందే చెప్పగలిగితే సగం ప్రయాణం సుఖం. ఆ ఒక్క మాట చెప్పడానికి నాకు ముప్పై రెండేళ్లు పట్టింది.

చూపు సంగతికొస్తే, ‘లక్ష్యం మీదే దృష్టి పెట్టు’ అని పుస్తకాల్లో చదివినప్పుడు ఆవలింత వచ్చేది. హెయిర్‌పిన్‌లో అది అక్షరాలా నిజం. గుంతను చూస్తే గుంతలోకే వెళ్తారు, లారీ టైరును చూస్తే దానివైపే లాగుతుంది. మలుపు ఎక్కడ విప్పుకుంటుందో అక్కడికి తల తిప్పండి, చేతులు వెంట వస్తాయి. బ్రేకు, గేరు పని మలుపుకు ముందే ముగించండి. ఇంకో మాట: కుడి మలుపులో బండి ఒరిగినప్పుడు చక్రాలు మన వైపే ఉన్నా, మన తల నడిమి గీత దాటి అవతలివాడి దారిలో వేలాడుతుంది. గీతకు జానెడు దూరం చాలదు, ఇంకాస్త ఎడమకి ఉండండి. కాఫీ తోటల దగ్గర సిల్వర్ ఓక్ నీడ పడ్డ మలుపుల్లో మంచు తడి పొద్దెక్కినా ఆరదు, అక్కడ మరీ జాగ్రత్త. ఇరుకు చోట ఎదురుపడితే దిగేవాళ్లే పక్కకి తప్పుకుని ఎక్కేవాళ్లకి దారివ్వాలి. అది మర్యాదే కాదు, నిబంధన కూడా.

టైర్లలో గాలి, చైను బిగువు, లైసెన్సు, పల్చటి రెయిన్‌కోటు: ఇవి ముందురోజు సాయంత్రం పావుగంట పని, పెద్దగా చెప్పేదేం లేదు.

పోయిన డిసెంబరులో మళ్లీ వెళ్లాం. మూడయ్యేసరికి ఇంకా అరకులోనే ఉన్నాం. బండ్లు తిప్పేశాం. బొర్రా గుహలకు తిరిగే దారి దగ్గర మా బామ్మర్ది బండి స్లో చేసి నావైపు చూశాడు, నేను తల అడ్డంగా ఊపాను. దారంతా గొణుగుతూనే ఉన్నాడు. ఎస్.కోటలో టీ గ్లాసు చేతికొచ్చేసరికి వెనక కొండలు నల్లబడ్డాయి. ‘బావా, ఈసారి పొద్దున్న అయిదింటికే బయల్దేరదాం’ అన్నాడు.