శిశువుల బీజకణ కణితులు: అంకెను చదివే తీరు

నెలలు నిండి పుట్టిన ఆరోగ్యవంతమైన శిశువు రక్తంలో ఆల్ఫా ఫీటోప్రొటీన్ అనే మాంసకృత్తు మిల్లీలీటరుకు సగటున 48,000 నానోగ్రాముల వరకు ఉంటుంది. పెద్దవారిలో అది సాధారణంగా పదికి మించదు. పెద్దవారిలో అంతటి అంకె కనబడితే వైద్యుడు కణితి కోసం వెదకుతాడు. శిశువులో అది ప్రకృతిసిద్ధం. బీజకణ కణితుల చికిత్సలో పెద్ద చిక్కు ఇదే.

బీజకణాలు పిండదశలో సొనసంచి గోడలో కనిపించి, వృషణాలుగానో అండాశయాలుగానో రూపొందే చోటికి ప్రయాణిస్తాయి. దారి తప్పినవి దేహపు నడిమి రేఖలో, ముఖ్యంగా వెన్నెముక కొననున్న తోకయెముక వద్ద, నిలిచి కణితులు కావచ్చునని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. ఈ తోకయెముక కణితి సుమారు 35,000 నుండి 40,000 జననాలకు ఒకటి, ఆడశిశువులలో అధికం. పుట్టగానే కనుగొన్నవాటిలో అత్యధికం ప్రమాదరహితాలే. అయితే శస్త్రచికిత్సలో తోకయెముకను కూడ తీసివేయాలి; లేనిచో కణితి తిరిగి మొలిచే అవకాశం హెచ్చు.

ఆపైన ఏండ్ల తరబడి కనిపెట్టి ఉండాలి. సొనసంచి జాతి కణితి మళ్ళీ తలెత్తితే పై మాంసకృత్తు పెరుగుతుంది. కాని శిశువులో అది సహజంగానే తగ్గుముఖంలో ఉంటుంది: మొదటి నెలకు సగటున 2,600 ప్రాంతం, ఎనిమిదవ నెలకు పది లోపు, కొందరిలో ఇంకా ఆలస్యం. కనుక ఒక్క చీటీలోని అంకె ఏమీ చెప్పదు. బిడ్డ వయస్సును రోజులలో లెక్కించి, వరుస పరీక్షలను పక్కపక్కన పెట్టి, అది తగ్గుతున్నదా, ఆగినదా, పైకి లేచినదా అని చూడాలి. తల్లిదండ్రులు పాత చీటీలను పారవేయరాదు. ముదిరిన టెరటోమా వంటివి ఈ మాంసకృత్తును పెంచకుండానే తిరిగి రాగలవు. అందుచేత చేతితో తడిమి చూడడం, స్కానింగు కూడ అవసరమే.

ప్రమాదకరమైన కణితికి సిస్ప్లాటిన్ వంటి మందులు ప్రాణదాతలు. శిశువు మూత్రపిండాలు ఇంకా పరిపక్వం కావు గనుక మోతాదును తరచు శరీర వైశాల్యాన్ని బట్టి గాక బరువును బట్టి నిర్ణయిస్తారు. ఈ మందు వినికిడిని దెబ్బతీయవచ్చు. మొదట పోయేది హెచ్చు స్థాయి ధ్వనులు. భాషాబోధకుడనైన నన్ను కలచినది ఇదే. శ, ష, స ల తేడా చెవికి అందని బిడ్డ వాటిని నేర్చుకునేదెట్లు? మాటలు రాని శిశువును ‘వినబడుతున్నదా’ అని అడుగలేము. నిద్రపుచ్చి, తలకు తీగలమర్చి, శబ్దానికి మెదడు స్పందనను యంత్రంతో కొలవాలి. మందు మొదలుపెట్టకమునుపు ఒకమారు, చికిత్స నడుమ మళ్ళీ మళ్ళీ.