పోటీ పరీక్షల ప్రత్యేకం: పురపాలక నిధులు - ఆడిట్, జవాబుదారీతనం

మదనపల్లె, పుంగనూరు, కుప్పం పురపాలక సంఘాలు. తంబళ్లపల్లె గ్రామ పంచాయతీ. ఇంటిపన్ను ఎక్కడ కట్టినా, ఆ రూపాయికి లెక్క అడిగే హక్కు పౌరుడిదే. ఆ హక్కుకు ఆధారం రాజ్యాంగమే.

ముఖ్యాంశాలు
• 74వ రాజ్యాంగ సవరణ: 1993 జూన్ 1 నుంచి అమలు. 12వ షెడ్యూలులో 18 అంశాలు.
• 243ఎక్స్: పన్నుల విధింపు, నిధులు.
• 243వై: రాష్ట్ర ఆర్థిక సంఘం సమీక్ష.
• 243జెడ్: లెక్కల నిర్వహణ, ఆడిట్. పంచాయతీలకు ఇదే అంశం 243జె.
• 243ఎస్: 3 లక్షలు, ఆపై జనాభా ఉన్నచోట వార్డు కమిటీలు తప్పనిసరి.

పర్యవేక్షణ ఎవరిది?
ఆంధ్రప్రదేశ్‌లో స్థానిక సంస్థల లెక్కలను రాష్ట్ర ఆడిట్ శాఖ తనిఖీ చేస్తుంది. కాగ్ సాంకేతిక మార్గదర్శనం ఇస్తుంది. 2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం గ్రాంట్లు అందాలంటే లెక్కలను ఆన్‌లైన్‌లో ఉంచాలని షరతు పెట్టారు.

పౌరుడి చేతిలో ఆయుధం
సమాచార హక్కు చట్టం-2005 కింద సాధారణంగా 30 రోజుల్లో సమాచారం ఇవ్వాలి. ఆడిట్ అభ్యంతరాలు ఫైళ్లలోనే మగ్గిపోతే నష్టపోయేది కాలువ, కుళాయి, వీధిదీపం కోసం ఎదురుచూసే జనమే. అందుకే ఈ అధికరణలను మార్కుల కోసమే కాదు, మన ఊరి కోసం కూడా చదవాలి.

మాదిరి ప్రశ్న
పురపాలక సంఘాల లెక్కల ఆడిట్‌కు సంబంధించిన అధికరణ ఏది?
1) 243జె 2) 243వై 3) 243జెడ్ 4) 243ఎస్
జవాబు: 3