పాఠం 12: ఊరి ఆరోగ్యం – ఊరివారి లెక్క, ఊరివారి పని

12.1 పరిచయం

మీ ఊళ్లో గాని, మీ వాడలో గాని గడిచిన సంవత్సరం ఎందరు పిల్లలు పుట్టారు? వారిలో ఎందరు నెల తిరగకుండానే చనిపోయారు? ఈ ప్రశ్నలకు వెంటనే జవాబు చెప్పగలరా? ఓటర్లు ఎందరో, రేషన్ కార్డులు ఎన్నో మనకు తెలుసు. పేరు పెట్టకముందే పోయిన బిడ్డ మాత్రం ఏ లెక్కలోకీ రాదు. "ఆయుష్షు అంతే" అని ఇంటివారు కన్నీరు తుడుచుకుంటారు. ఊరు మరిచిపోతుంది. తల్లి మరిచిపోదు.

ఒక ఊరి ఆరోగ్యం ఎలా ఉందో తెలుసుకోవాలన్నా, దాన్ని మెరుగుపరచాలన్నా ఆసుపత్రి ఒక్కటే చాలదు. ఊరివారు, స్వచ్ఛంద సంస్థలు, ప్రభుత్వ ఆరోగ్య సిబ్బంది కలిసి పనిచేయాలి. దీనినే సామాజిక భాగస్వామ్యం అంటాం. ఇది నిజంగా ఫలితమిస్తుందా? జార్ఖండ్ పల్లెల్లో జరిగిన ఒక ప్రయత్నం ఆధారంగా ఈ పాఠంలో పరిశీలిద్దాం.

12.2 ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• నవజాత శిశు మరణాల రేటును లెక్కించగలుగుతారు;
• మహిళా బృందాలు పనిచేసే నాలుగు దశలను వివరించగలుగుతారు;
• ఒక ఆరోగ్య సమస్యకు కారణాలను వెతికి, ఎవరి బాధ్యత ఏదో విడదీయగలుగుతారు;
• ఈ పద్ధతి ఎప్పుడు ఫలిస్తుందో, ఎప్పుడు ఫలించదో చెప్పగలుగుతారు.

12.3 ప్రాంతాన్ని తెలుసుకుందాం

జంషెడ్‌పూర్ నుంచి ఖర్కాయ్ నది దాటితే ఆదిత్యపూర్ పారిశ్రామిక ప్రాంతం, దాని తరువాత గమ్హరియా వస్తాయి. ఉక్కు పనికి వచ్చి జంషెడ్‌పూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ పేర్లు కొత్తవి కావు. గమ్హరియా సరాయ్‌కేలా-ఖర్సావాన్ జిల్లాలో ఒక బ్లాకు. బ్లాకు అంటే మన మండలం వంటి పరిపాలనా విభాగం. 2001లో పశ్చిమ సింగ్‌భూమ్ జిల్లాను విభజించి ఈ జిల్లాను ఏర్పాటు చేశారు.

ఇక్కడ ఒక పక్క కర్మాగారాల పొగగొట్టాలు కనిపిస్తాయి. కొద్ది దూరం పోతే హో, సంథాల్, ముండా, భూమిజ్ వంటి ఆదివాసుల పల్లెలు వస్తాయి. పెద్ద ఆసుపత్రులున్న నగరం పక్కనే ఉంది కదా, ఈ పల్లెలకు ఆరోగ్యం దానంతట అదే వస్తుందని అనుకోవచ్చునా? రాదు. దూరం కిలోమీటర్లలో మాత్రమే ఉండదు. చేతిలో డబ్బు లేకపోవడం, రాత్రివేళ బండి దొరకకపోవడం, ఆసుపత్రిలో మాట్లాడే భాష రాకపోవడం కూడా దూరమే.

గమ్హరియా మీదుగా వెళ్లే రైలుమార్గంలోనే ముందుకు పోతే పశ్చిమ సింగ్‌భూమ్ జిల్లాలోని చక్రధర్‌పూర్ వస్తుంది. 'ఏక్‌జుట్' అనే స్వచ్ఛంద సంస్థ అక్కడి నుంచే పనిచేస్తోంది. ఆ పేరుకు 'ఐక్యంగా' అని అర్థం. డాక్టర్ ప్రశాంత త్రిపాఠీ, డాక్టర్ నిర్మలా నాయర్ దీని వ్యవస్థాపకులు.

12.4 లెక్క ఎందుకు అవసరం?

పుట్టిన 28 రోజుల లోపు బిడ్డను నవజాత శిశువు అంటారు. ప్రతి వెయ్యి సజీవ జననాలకు ఎందరు నవజాత శిశువులు చనిపోయారో తెలిపేది నవజాత శిశు మరణాల రేటు.

నవజాత శిశు మరణాల రేటు = (28 రోజుల లోపు చనిపోయిన శిశువుల సంఖ్య ÷ సజీవంగా పుట్టిన శిశువుల సంఖ్య) × 1000

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. ఒక పల్లెలో ఏడాదికి 13 మంది పిల్లలు పుడుతున్నారు. ఒక ఏడాది ఒక బిడ్డ చనిపోయింది. మరుసటి ఏడాది ఎవరూ చనిపోలేదు. ఆ ఊరివారికి ఇది విధి అనిపిస్తుంది. ఇప్పుడు అలాంటి 30 పల్లెల లెక్క కలపండి. మొత్తం జననాలు 390. మరణాలు 21 అనుకోండి. అప్పుడు రేటు 21 ÷ 390 × 1000, అంటే సుమారు 54. ఇది విధి కాదు, ఒక వరుస. వరుస ఉన్నచోట కారణం ఉంటుంది. కారణాన్ని కనుక్కుంటే మార్చగలిగినది కూడా దొరుకుతుంది. లెక్క వల్ల కలిగే మొదటి మేలు ఇదే.

మరొక హెచ్చరిక కూడా గుర్తుంచుకోండి. ఒక్క ఊరి ఒక్క ఏడాది లెక్క చూసి "మేము బాగున్నాం" అనిగాని, "వారు చెడిపోయారు" అనిగాని తేల్చరాదు. సంఖ్య చిన్నదైతే ఒక్క మరణంతోనే రేటు తారుమారవుతుంది.

పాఠ్యాంతర ప్రశ్నలు 12.1
1. ఒక బ్లాకులో 450 సజీవ జననాలు, 28 రోజుల లోపు 18 మరణాలు నమోదయ్యాయి. రేటు ఎంత?
2. ఒకే ఊరి, ఒకే ఏడాది లెక్కపై ఎందుకు ఆధారపడరాదు?

12.5 బృందం ఎలా పనిచేస్తుంది?

2005 జులై నుంచి 2008 జులై వరకు మూడు జిల్లాల్లో ఏక్‌జుట్ సంస్థ, లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులతో కలిసి ఒక అధ్యయనం చేసింది. జార్ఖండ్‌లోని సరాయ్‌కేలా-ఖర్సావాన్, పశ్చిమ సింగ్‌భూమ్, ఒడిశాలోని కేంఝర్ ఆ జిల్లాలు. మొత్తం 36 ప్రాంతాలను ఎంచుకున్నారు. వాటిలో 2,28,186 మంది జనాభా ఉన్నారు. 18 ప్రాంతాల్లో మహిళా బృందాల సమావేశాలు నడిపారు. మిగిలిన 18 ప్రాంతాల్లో నడపలేదు. ఏ ప్రాంతం ఏ వైపు ఉండాలో చీటీలు వేసిన పద్ధతిలో నిర్ణయించారు.

సమావేశాన్ని నడిపేది డాక్టరూ కాదు, నర్సూ కాదు. ఆ ప్రాంతానికే చెందిన, శిక్షణ పొందిన మహిళ. ఆమె నెలకు 13 బృందాలను కలిసేది. ప్రతి బృందం నెలకొకసారి చొప్పున మొత్తం 20 సమావేశాలు జరుపుకుంది. ఆ సమావేశాలు నాలుగు దశలుగా సాగాయి.

మొదటి దశ – సమస్యను గుర్తించడం: బొమ్మల కార్డులు, కథల సాయంతో తల్లీబిడ్డలకు వచ్చే కష్టాలను చర్చిస్తారు. ఏది ముఖ్యమో ఓటు వేసి తేల్చుకుంటారు. చదువు రానివారి ఓటుకూ అంతే విలువ ఉంటుంది.

రెండవ దశ – ఉపాయం ఆలోచించడం: సమస్యకు కారణాలు వెతికి, తమ చేతిలో ఉన్న మార్గాలు ఎంచుకుంటారు. ఊరందరినీ పిలిచి తమ ఆలోచనను వివరిస్తారు.

మూడవ దశ – ఆచరణ: అనుకున్న పనులను పంచుకొని చేస్తారు.

నాలుగవ దశ – సమీక్ష: ఏది జరిగింది, ఏది జరగలేదు, ఎందుకు అని తమను తామే ప్రశ్నించుకుంటారు.

12.6 'ఎందుకు?' అని అడగడం

రెండవ దశలో జరిగే పనిని ఒక కథతో అర్థం చేసుకుందాం. పుష్యమాసపు రాత్రి ఇంట్లో కాన్పు అయింది. బిడ్డను వెంటనే స్నానం చేయించారు. తెల్లవారేసరికి బిడ్డ ఒళ్లు చల్లబడింది, పాలు తాగడం మానింది. మూడవ రోజు చనిపోయింది.

బిడ్డ ఎందుకు చనిపోయింది? ఒళ్లు చల్లబడి, నీరసించింది. ఎందుకు చల్లబడింది? చలిలో స్నానం చేయించారు. ఎందుకు చేయించారు? పురుటి బిడ్డకు మైల ఉంటుందని పెద్దల నమ్మకం. ఆసుపత్రికి ఎందుకు తీసుకుపోలేదు? రాత్రి బండి దొరకలేదు, చేతిలో డబ్బు లేదు, తండ్రి కూలిపనికి వేరే ఊరు వెళ్లాడు. ఆరోగ్య కార్యకర్త ఎందుకు రాలేదు? ఆమెకు ఎవరూ కబురు చేయలేదు.

ఇప్పుడు ఈ కారణాలను మూడు భాగాలు చేయండి.

(అ) ఇంటివారు చేయగలిగినవి: బిడ్డను వెంటనే పొడిగుడ్డతో తుడిచి తల్లి ఒంటికి ఆనించి కప్పి ఉంచాలి. మొదటి గంటలోనే తల్లిపాలు పట్టాలి. కనీసం 24 గంటలు స్నానం చేయించరాదు. బొడ్డుపై ఇంటి మందులు, పసుపు, బూడిద వంటివి రాయకుండా పొడిగా ఉంచాలి.

(ఆ) ఊరు చేయగలిగినవి: అత్యవసరానికి కొంత సొమ్ము పోగుచేయాలి. రాత్రి పిలిస్తే వచ్చే బండి ఎవరిదో ముందే మాట్లాడుకోవాలి. ప్రతి గర్భిణి పేరూ బృందానికి తెలియాలి.

(ఇ) ప్రభుత్వం చేయవలసినవి: ఏఎన్ఎం, ఆశా కార్యకర్తల ఇంటి సందర్శనలు, అంబులెన్సు, పనిచేసే ఆసుపత్రి.

ఈ విభజన చాలా ముఖ్యం. అన్ని కారణాలనూ (అ) భాగంలో పెడితే తప్పంతా తల్లిమీదికి నెట్టినట్టవుతుంది. అన్నిటినీ (ఇ) భాగంలో పెడితే రేపు పుట్టబోయే బిడ్డకు ఈ రోజు చేయగలిగినది కూడా చేయకుండా కూర్చుంటాం. ఎవరి పని వారు చేస్తూ, పక్కవారి పనిని అడిగి చేయించుకోవడమే భాగస్వామ్యం.

12.7 ఫలితం ఏమిటి?

మూడేళ్లలో ఈ ప్రాంతాల్లో 19,030 జననాలు నమోదయ్యాయి. నవజాత శిశు మరణాల రేటు ఇలా ఉంది.

సమావేశాలు జరిగిన ప్రాంతాల్లో: మొదటి ఏడాది 55.6, రెండవ ఏడాది 37.1, మూడవ ఏడాది 36.3.
సమావేశాలు జరగని ప్రాంతాల్లో: మొదటి ఏడాది 53.4, రెండవ ఏడాది 59.6, మూడవ ఏడాది 64.3.

మొదటి ఏడాది రెండు వైపులా రేట్లు దాదాపు ఒకటే. తరువాతి రెండేళ్లలో తేడా స్పష్టంగా కనిపించింది. ప్రాంతాల మధ్య ముందునుంచీ ఉన్న తేడాలను సర్దుబాటు చేసి లెక్కించినప్పుడు, సమావేశాలు జరిగినచోట రేటు మూడేళ్లు కలిపి 32 శాతం, చివరి రెండేళ్లలో 45 శాతం తక్కువగా ఉంది. ఈ వివరాలు 2010లో 'లాన్సెట్' వైద్య పత్రికలో వెలువడ్డాయి.

రెండవ వైపు ప్రాంతాలు ఎందుకు కావలసివచ్చాయి? 2005లోనే జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్, జననీ సురక్షా యోజన మొదలయ్యాయి. సమావేశాలు జరిగిన ప్రాంతాలను మాత్రమే చూసి ఉంటే, మార్పు ఆ పథకాల వల్ల వచ్చిందో, బృందాల వల్ల వచ్చిందో తెలిసేది కాదు.

మరి ఏమి మారింది? ఆ రోజుల్లో ఆ పల్లెల్లో ఎక్కువ కాన్పులు ఇళ్లలోనే జరిగేవి. ఆసుపత్రికి వెళ్లేవారి సంఖ్యలో రెండు వైపులా చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. మారినది ఇంట్లోని సంరక్షణ. కాన్పు చేసేవారు సబ్బుతో చేతులు కడుక్కోవడం, శుభ్రమైన కాన్పు సామగ్రి వాడడం పెరిగాయి. దీన్నిబట్టి ఆసుపత్రి అక్కరలేదని అనుకోకండి. కాన్పు ఆసుపత్రిలో జరగడమే క్షేమం. అయితే ఆసుపత్రి నుంచి తిరిగి వచ్చాక మిగిలిన రోజులు బిడ్డ గడిపేది ఇంట్లోనే గదా!

మేలు ఎక్కువగా అందినది అందరికంటే పేదవారికి. చివరి రెండేళ్లలో అత్యంత వెనుకబడిన కుటుంబాల్లో మరణాలు 59 శాతం తక్కువగా, మిగిలినవారిలో 36 శాతం తక్కువగా ఉన్నాయి. మూడవ ఏడాది తల్లుల్లో ఒక మోస్తరు మానసిక కుంగుబాటు కూడా 57 శాతం తక్కువగా కనిపించింది.

12.8 ఎప్పుడు ఫలించదు?

ఇదే పద్ధతిని బంగ్లాదేశ్‌లో మొదట ప్రయత్నించినప్పుడు మరణాలు తగ్గలేదు. అక్కడ 1,414 మంది జనాభాకు ఒక బృందం ఉండేది. ఏక్‌జుట్ పనిచేసిన చోట 468 మందికి ఒక బృందం ఉంది. బంగ్లాదేశ్‌లో తరువాత 309 మందికి ఒక బృందం చొప్పున ఏర్పాటు చేసినప్పుడు నవజాత శిశు మరణాలు 38 శాతం తగ్గాయి.

జార్ఖండ్, ఒడిశా అధ్యయనంలోనూ మొదటి ఏడాది కొత్తగా గర్భిణులైనవారిలో 18 శాతమే బృందాలకు వచ్చారు. మూడవ ఏడాదికి 55 శాతం వచ్చారు. కాబట్టి పేరుకు ఒక కమిటీ వేసి, ఏడాదికి ఒకసారి సంతకాలు చేయిస్తే ప్రయోజనం లేదు. బృందం ఇంటికి దగ్గరగా ఉండాలి. గర్భిణులు రావాలి. పని నెలనెలా సాగాలి.

ఈ పనిని ప్రభుత్వ వ్యవస్థ చేపట్టగలదా? 2009 నుంచి 2012 వరకు జార్ఖండ్, ఒడిశాలోని ఐదు జిల్లాల్లో ఆశా కార్యకర్తలే సమావేశాలు నడిపారు. అక్కడ రేటు వెయ్యికి 30 ఉండగా, సమావేశాలు లేనిచోట 44 ఉంది. జార్ఖండ్‌లో ఆశాను 'సహియా' అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లో ఈ పద్ధతిని సిఫారసు చేసింది. ఆ తరువాత జార్ఖండ్ ప్రభుత్వం సహియాల ద్వారా దీనిని విస్తరించింది.

పాఠ్యాంతర ప్రశ్నలు 12.2
1. బృందాలు పనిచేసే నాలుగు దశలు ఏవి?
2. బంగ్లాదేశ్‌లో మొదటి ప్రయత్నానికి, తరువాతి ప్రయత్నానికి ముఖ్యమైన తేడా ఏమిటి?

12.9 ప్రమాద సూచనలు – కంఠస్థం చేయండి

నవజాత శిశువు పాలు తాగకపోవడం, నిమిషానికి 60 లేక అంతకు మించి ఊపిరి తీయడం, ఊపిరి తీసేటప్పుడు డొక్కలు లోపలికి పోవడం, జ్వరం రావడం లేక ఒళ్లు చల్లబడడం, ఫిట్స్ రావడం, కదలిక తగ్గడం, అరచేతులు, అరికాళ్లు పసుపుపచ్చగా మారడం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లవారేదాకా ఆగకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకుపొండి.

కృత్యం

మీ వాడలోని అంగన్‌వాడీ కార్యకర్తను, ఆశా కార్యకర్తను కలవండి. గడిచిన మూడేళ్లలో పుట్టిన, 28 రోజుల లోపు చనిపోయిన పిల్లల సంఖ్య అడిగి రాసుకోండి. పేర్లు రాయవద్దు. బిడ్డను పోగొట్టుకున్న తల్లిని ఒత్తిడి చేసి అడగవద్దు. ఆమె తానుగా చెబితే ఓపికగా వినండి. తరువాత ఆ లెక్కను నలుగురు మహిళల ముందు పెట్టి, 'ఎందుకు?' అనే ప్రశ్నతో చర్చ ప్రారంభించండి.

12.10 మీరు ఏమి నేర్చుకున్నారు?

• విడివిడిగా చూస్తే విధిలా కనిపించే మరణాలు, కలిపి లెక్కిస్తే నివారించదగినవిగా కనిపిస్తాయి.
• బాధపడేవారే సమస్యను గుర్తించి, ఉపాయం ఎంచుకొని, ఆచరించి, సమీక్షించుకుంటే మార్పు వస్తుంది.
• ఇంటి పని, ఊరి పని, ప్రభుత్వ పని వేరువేరు. ఒకదానికి బదులు మరొకటి పనికిరాదు.
• తగినన్ని బృందాలు, తగినంతమంది గర్భిణుల హాజరు లేకుంటే ఫలితం రాదు.

పాఠ్యాంత ప్రశ్నలు
1. నగరం పక్కనే ఉన్నా పల్లెకు వైద్యం అందకపోవడానికి కారణాలు రాయండి.
2. అధ్యయనంలో సమావేశాలు జరగని ప్రాంతాలను కూడా ఎందుకు లెక్కించారు?
3. మీ ఊరి ఆరోగ్య సమస్య ఒకటి తీసుకొని, కారణాలను (అ), (ఆ), (ఇ) భాగాలుగా విడదీయండి.

పాఠ్యాంతర ప్రశ్నలకు జవాబులు
12.1: 1. వెయ్యికి 40. 2. జననాల సంఖ్య చిన్నది కాబట్టి ఒక్క మరణంతోనే రేటు బాగా మారిపోతుంది.
12.2: 1. సమస్యను గుర్తించడం, ఉపాయం ఆలోచించడం, ఆచరణ, సమీక్ష. 2. మొదట 1,414 మందికి ఒక బృందం; తరువాత 309 మందికి ఒక బృందం.