చెత్తకుప్పల ఊటనీరు – విద్యుత్తుతో శుద్ధి

వానలకు నానిన పట్టణపు చెత్తకుప్పల అడుగు నుండి దుర్వాసన గల నల్లని నీరు ఊరుతుంది. దీనిని లీచేట్ అంటారు. హైదరాబాదు వద్ద జవహర్‌నగర్ చెత్తదిబ్బల ఊటనీరు మల్కారం చెరువును పాడుచేసింది. ఖమ్మం మొదలు భద్రాచలం అడవి అంచు వరకు పశువులను ఆరుబయట మేపే మన సభ్యులు ఈ నీటి సంగతి తెలిసికొనుట అవసరం.

శుద్ధి పద్ధతులలో విద్యుత్ పద్ధతి ఒకటి. తొట్టిలోని ఊటనీటిలో ఇనుప లేక అల్యూమినియం పలకలు దించి ఏకముఖ విద్యుత్తు పంపుతారు. ఒక పలక కొద్దికొద్దిగా కరుగుతుంది. ఆ లోహం నీటిలోని సన్నని మలినాన్ని ముద్దకట్టిస్తుంది. రెండవ పలక వద్ద పుట్టే హైడ్రోజన్ బుడగలు కొన్ని ముద్దలను పైకి తేలుస్తాయి. మిగిలినవి అడుగున పేరుకుంటాయి.

నిమ్మరసం పిండితే పాలు విరుగుట మనకు తెలిసినదే. విరుగుడు తీసిన తేటలో పాలలోని చక్కెర, లవణాలు మిగిలే ఉంటాయి. అట్లే తేరిన ఊటనీటిలోనూ కరిగిన లవణాలు, అమ్మోనియా చాలావరకు మిగులుతాయి. అమ్మోనియాను తగ్గించుటకు కరగని పలకలతో మరొకసారి విద్యుత్తు పంపి, నీటిలోని ఉప్పు నుండే క్లోరిన్ పుట్టిస్తారు. ఇందుకు కరెంటు ఖర్చు ఎక్కువ. తీసిన మడ్డిని కూడా భద్రంగా పారవేయవలసి ఉంటుంది.

కనుక సభ్యులు గమనించవలసినవి:

1. తేటగా ఉన్నదని చెత్తకుప్పల దిగువ గుంటల నీరు పశువులకు తాపరాదు. సీసం వంటి లోహాలు పశువు ఒంటిలో చేరితే కొంత పాలలోకీ దిగుతుంది.
2. మేతకు తోలేముందు ఇంటివద్దనే తొట్టిలో మంచినీరు తాపాలి.
3. తడిచెత్తను ఎరువు గుంటలో వేయాలి. పాత బ్యాటరీలను చెత్తలో కలుపరాదు.

ఊటనీటిని శుద్ధి చేయుటకన్న దానిని ఊరనీయకుండుటే చౌక.