వేములవాడ చాళుక్యుల పూర్వులు

మన చందుర్తికి సమీపమున నున్న వేములవాడ పుణ్యక్షేత్రమే కాక, ఒకప్పుడు చాళుక్యరాజధాని. పూర్వనామము లేంబుళపాటకము. ఆ రాజుల మూలపురుషు లెవరు? మన మెట్లెఱుగుదుము?

ఆధారములలో ముఖ్యములు మూడు: కన్నడకవి పంపడు 941 ప్రాంతమున రచించిన 'విక్రమార్జున విజయము', 966 నాటి పర్భణీ తామ్రశాసనము, కొల్లిపర తామ్రశాసనము. మొదటి రెండును యుద్ధమల్లునితో వంశము నారంభించును. అతడు సపాదలక్షదేశ మేలి, పోదనమున, అనగా నేటి బోధనమున, నూనె నింపిన బావిలో మదగజములకు స్నానము చేయించెనట! కొల్లిపర శాసనము అంతకు పూర్వుడగు సత్యాశ్రయ రణవిక్రముని గూడ పేర్కొనును. యుద్ధమల్లుని తరువాత అరికేసరి, నరసింహుడు, రెండవ యుద్ధమల్లుడు, బద్దెగుడు వరుసగా వచ్చిరి. బద్దెగుడు 42 యుద్ధములు గెలిచెననియు, చాళుక్యభీముని నీటిలో మొసలిని పట్టినట్లు పట్టెననియు ప్రశస్తి. పంపని పోషించిన రెండవ అరికేసరి యీతని మునిమనుమడు.

ఇవి యన్నియు సమానముగ నమ్మదగినవా? పర్భణీ శాసన మీ వంశము సూర్యునినుండి పుట్టెననుచున్నది. జర్మనీలోని వెల్ఫు వంశపు చరిత్రకారుడును 12వ శతాబ్దమున వారి మూలమును ట్రాయి నగరవాసుల వఱకు గొనిపోయెను. అది స్తుతి. భీముని మాట యట్లు కాదు. ప్రతిపక్షి పేరున్నది గనుక అన్యశాసనములతో పోల్చి శోధింప వచ్చును. స్తుతిని చరిత్రమునుండి వేఱుచేయుటయే చదువు.

కుఱిక్యాల బొమ్మలగుట్టపై పంపని తమ్ముడు జినవల్లభుడు సంస్కృత కన్నడాంధ్రములలో శాసనము చెక్కించెను. ఆ బండ పగిలినచో మన తొలి తెలుగు కందపద్యములు నశించియుండెడివి. కావున మీ పొలమున అక్షరముల రాయి కనబడిన, దానిని చాకిరేవు బండ కానీయక, పెద్దలకు దెలుపుడు.