కంది ఎండు తెగులు: శిలీంధ్ర వర్గాలను గుర్తించవలసిన ఆవశ్యకత

పశ్చిమ ప్రకాశం ప్రాంతంలో వర్షాధారపు మెట్ట సేద్యమే ప్రధానం. హనుమంతునిపాడు పరిసరాలలోనూ, మార్కాపురం, గిద్దలూరు వైపునా సాగయ్యే పంటలలో కంది ముఖ్యమైనది. పూత, కాయ దశలో మొక్కలు నిలువునా ఎండిపోతే అప్పటివరకు పెట్టిన పెట్టుబడి అంతా వృథా అవుతుంది. రైతులు దీనిని 'ఎండు తెగులు' అనే ఒకే పేరుతో వ్యవహరిస్తారు. అయితే ఈ పేరు వెనుక కనీసం మూడు వేర్వేరు జీవులున్నాయి. వాటిలో ఒకటి నిజమైన శిలీంధ్రమే కాదు. ఈ భేదాన్ని గుర్తించకుండా చేసే సిఫారసు వలన రైతుకు మందు ఖర్చే తప్ప ప్రయోజనం ఉండదు.

శిలీంధ్రాల మౌలిక లక్షణాలు

శిలీంధ్రాలలో పత్రహరితం ఉండదు. కావున అవి స్వయంగా ఆహారాన్ని తయారు చేసుకోలేవు. ఎంజైములను వెలుపలికి స్రవించి, ఆహారాన్ని శరీరం బయటనే జీర్ణం చేసి, ఆ తరువాత పీల్చుకుంటాయి. దారాల వంటి తంతువులు అల్లుకొని శిలీంధ్రజాలంగా ఏర్పడతాయి. కణకవచంలో కైటిన్, కణత్వచంలో ఎర్గోస్టెరాల్ ఉండుట వీటి ప్రత్యేకత. సిద్ధబీజాల ద్వారా ఇవి వ్యాప్తి చెందుతాయి. ఈ విశిష్టతల దృష్ట్యానే 1969లో విట్టేకర్ తన ఐదు రాజ్యాల వర్గీకరణలో శిలీంధ్రాలకు ప్రత్యేక రాజ్యాన్ని కేటాయించారు.

ముఖ్య వర్గాలు

1. జైగోమైసీట్లు: తంతువులలో సాధారణంగా అడ్డుగోడలు ఉండవు. రొట్టెపై బూజుగా పెరిగే రైజోపస్ దీనికి ఉదాహరణ.

2. ఆస్కోమైసీట్లు: లైంగిక సిద్ధబీజాలు సంచులలో ఏర్పడతాయి. సజ్జలో తేనెబంక తెగులు, పలు పంటలలో బూడిద తెగులు కలిగించేవి ఈ వర్గానివే.

3. బెసిడియోమైసీట్లు: సిద్ధబీజాలు గద వంటి కణాలపై ఏర్పడతాయి. పుట్టగొడుగులు, వేరుశనగలో తుప్పు తెగులు, సజ్జలో కాటుక తెగులు కలిగించేవి ఈ కోవకు చెందినవి.

4. అసంపూర్ణ శిలీంధ్రాలు: లైంగిక దశ తెలియని వాటిని పూర్వం ఈ వర్గంలో చేర్చేవారు. వీటిలో అధిక భాగం ఆస్కోమైసీట్లేనని జన్యు పరిశీలనలలో తేలింది. ఫ్యుజేరియం, మాక్రోఫోమినా ఇట్టివే.

5. గ్లోమెరోమైసీట్లు: వేళ్ళతో సహజీవనం చేస్తూ మొక్కకు భాస్వరాన్ని అందించే మిత్ర శిలీంధ్రాలు.

ఊమైసీట్లు: ఇవి శిలీంధ్రాల వలె కనిపించినప్పటికీ వేరే వంశానికి చెందినవి. కణకవచంలో సెల్యులోజ్ ఉంటుంది. రెండు కశాభాలు గల చర బీజాలు నీటిలో ఈదగలవు. 1845లో ఐర్లండులో బంగాళాదుంపను నాశనం చేసి కరువుకు దారి తీసిన ఫైటోఫ్తోరా, సజ్జలో వెర్రికంకి తెగులు కలిగించే జీవి ఈ వర్గంలోనివే.

పొలంలో గుర్తించుట

ఫ్యుజేరియం ఎండు తెగులు: దీని కారకం ఫ్యుజేరియం ఉడమ్. ఇది ప్రధానంగా పూత, కాయ దశలలో బయటపడుతుంది. మొక్క అంతా గాని, ఒక ప్రక్క కొమ్మలు గాని వాడిపోతాయి. మొదలు నుండి పైకి ఊదారంగు చార కనిపిస్తుంది. కాండాన్ని నిలువుగా చీల్చి చూచిన యెడల దారువులో నల్లని చారలు ఉంటాయి.

ఫైటోఫ్తోరా ఎండు తెగులు: అధిక వర్షాల అనంతరం, నీరు నిలిచే పల్లపు భాగాలలో లేత మొక్కలను ఎక్కువగా ఆశిస్తుంది. కాండంపై నొక్కుకుపోయిన గోధుమరంగు మచ్చలు ఏర్పడి, గాలికి మొక్క ఆ మచ్చ వద్దనే విరుగుతుంది.

మాక్రోఫోమినా ఎండు తెగులు: పంట చివరి దశలో, బెట్ట, అధిక ఉష్ణోగ్రత ఉన్నప్పుడు కనిపిస్తుంది. కాండంపై కదురు ఆకారపు మచ్చలు ఏర్పడతాయి. వాటి మధ్యభాగం బూడిద రంగులోను, అంచు ముదురు గోధుమ రంగులోను ఉంటుంది.

వర్గాన్ని బట్టి యాజమాన్యం

కార్బెండజిమ్ శిలీంధ్ర కణవిభజనను అడ్డుకుంటుంది గాని ఊమైసీట్లపై దాని ప్రభావం ఉండదు. ఊమైసీట్లు ఎర్గోస్టెరాల్‌ను తయారు చేసుకోవు. కనుక ఆ తయారీని నిరోధించే ట్రయజోల్ మందులు కూడా వాటిపై పనిచేయవు. మెటలాక్సిల్ ఊమైసీట్లను అరికడుతుంది గాని ఫ్యుజేరియంను ఏమీ చేయజాలదు. కావున ఫైటోఫ్తోరా విషయంలో మురుగు నీరు పోవు సదుపాయం, మెటలాక్సిల్‌తో విత్తన శుద్ధి ముఖ్యం.

ఫ్యుజేరియం మందమైన గోడ గల బీజాల రూపంలో పంట అవశేషాలపై, నేలలో కొన్ని సంవత్సరాల పాటు జీవించి ఉంటుంది. మొక్క వాడిన తరువాత పైన పిచికారీ చేయుట నిష్ఫలం. తెగులు సోకిన చేలలో 3-4 సంవత్సరాలు కంది వేయకుండా జొన్న లేదా పొగాకుతో పంట మార్పిడి చేయాలి. ఐసిపి 8863 (మారుతి), ఐసిపిఎల్ 87119 (ఆశ) వంటి తట్టుకొనే రకాలను ఎన్నుకోవాలి. మాక్రోఫోమినా విషయంలో మాత్రం జొన్నతో మార్పిడి ఫలించదు. అది జొన్నను కూడా ఆశిస్తుంది. అక్కడ నేలలో తేమను, సేంద్రియ పదార్థాన్ని కాపాడుటే ప్రధానోపాయం.

ట్రైకోడెర్మా కూడా ఒక శిలీంధ్రమే. ఇది నేలలోని తెగులు కారక శిలీంధ్రాలపై పరాన్నజీవిగా పెరుగుతుంది. 2 కిలోల ట్రైకోడెర్మాను 90 కిలోల చివికిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండితో కలిపి, తేమ ఆరకుండా నీడలో 10-15 రోజులు ఉంచి, ఎకరా నేలలో తేమ ఉన్నప్పుడు వేయాలి.

ముగింపు

రైతు ఎండిన కొమ్మను తెచ్చి చూపినప్పుడు మందు పేరు చెప్పుటకు ముందు మొక్క వయస్సు, చేనులో దాని స్థానం, ఇటీవలి వర్షపాతం విచారించాలి. వేరుతో సహా మొక్కను తెప్పించి, కాండాన్ని చీల్చి చూడాలి. సందేహం మిగిలిన యెడల నమూనాను ప్రయోగశాలలో సూక్ష్మదర్శిని క్రింద పరీక్షించి, ఆ పిదపనే సిఫారసు చేయుట ఉత్తమం.